గెలిచినవారికి శాపమైతే, ఓడిన చిలీ సంగతేమిటి?

కాజీపేట రైల్వే మైదానంలో ఆదివారం పొద్దున ఫుట్‌బాల్ ఆడే మా బృందానికి ఓ వాట్సాప్ గ్రూపు ఉంది. ఈ వారం అందులోకి ఒకే సందేశం నాలుగు వైపుల నుంచి వచ్చి పడింది. మంచిర్యాలలో ఉన్న మా బావమరిది కూడా అదే పంపి, "చూశారా బావా!" అని కింద రాశాడు. సందేశం ఇది: "కాన్ఫెడరేషన్స్ కప్ శాపం తగిలిన టోర్నీ. దాన్ని ఎత్తిన జట్టు తర్వాతి ప్రపంచ కప్ ఎన్నడూ గెలవలేదు. మైదానంలోనే ఒక ఆటగాణ్ణి బలి తీసుకుంది. ఫైనళ్లన్నీ ఎవరికీ పట్టని సన్నాహక ఆటలు. చివరికి ఫిఫా భయపడి రద్దు చేసింది."

చూశాను. ఇందులో నిజమైన వాక్యం ఒకటుంది, మొదట దాన్నే ఒప్పుకుంటాను. ఖండాల విజేతలు, ప్రపంచ కప్ విజేత, ఆతిథ్య దేశం తలపడుతూ 1992 నుంచి 2017 వరకు పదిసార్లు జరిగిన ఈ టోర్నీలో ఏ విజేతా తర్వాతి ప్రపంచ కప్ గెలవలేదు. 2001లో గెలిచిన ఫ్రాన్స్ మరుసటి ఏడు ఒక్క గోలైనా కొట్టకుండా గ్రూపు దశలోనే ఇంటికి వెళ్లింది. 2013లో గెలిచిన బ్రెజిల్ సొంత గడ్డ మీద జర్మనీ చేతిలో 1-7తో చితికిపోయింది. 2017లో గెలిచిన జర్మనీది 2018లో మళ్లీ గ్రూపు దశ నిష్క్రమణే. ఇలా వరుసగా చదివితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది.

అయితే శాపం గెలిచినవారికే తగలాలి కదా! ఫైనల్లో ఓడినవారిని కూడా వరుసలో నిలబెట్టి చూద్దాం. 2013 ఫైనల్లో బ్రెజిల్ చేతిలో 0-3తో ఓడిన స్పెయిన్ 2014లో గ్రూపు దశ దాటలేదు. 2003లో ఓడిన కామెరూన్ 2006 ప్రపంచ కప్‌కు అర్హతే సాధించలేదు. 2017లో ఓడిన చిలీ కూడా 2018లో ఇంట్లో కూర్చుని టీవీ చూసింది. ఓడిన పది జట్లలో తర్వాతి ప్రపంచ కప్ గెలిచింది ఒక్కటే: 1999లో మెక్సికో చేతిలో ఓడి, 2002లో జగజ్జేతగా నిలిచిన బ్రెజిల్. ఈ లెక్కన ఓడిపోవడమే వరమని మరో సందేశం తయారు చేయవచ్చు. ఎవరైనా చేసే లోపే చెబుతున్నాను, అదీ అబద్ధమే.

అసలు ప్రపంచ కప్ గెలిచిన జట్టే వెంటనే మళ్లీ గెలవడం 2022 వరకు రెండే సార్లు జరిగింది. 1934, 1938లలో ఇటలీ. 1958, 1962లలో బ్రెజిల్. ఏనుమాముల మార్కెట్‌లో ఈ ఏడు మిర్చికి అందరికన్నా ఎక్కువ ధర దక్కిన రైతుకే వచ్చే ఏడు కూడా అదే దక్కకపోతే శాపం అంటామా? పంట మారుతుంది, వాన మారుతుంది, యార్డుకు వచ్చే బస్తాలు మారతాయి. ఇక్కడా అంతే. 2017లో జర్మనీ శిక్షకుడు యోఆకిమ్ లోవ్ ముల్లర్, క్రూస్, ఓజిల్ వంటి వారిని ఇంటి దగ్గరే వదిలి కుర్రవాళ్లను తీసుకెళ్లాడు. ఫైనల్లో ఏకైక గోలు కొట్టిన స్టిండిల్ గాయం వల్ల 2018 ప్రపంచ కప్‌కు వెళ్లనేలేదు. కప్పు ఎత్తిన జట్టు, మరుసటి ఏడు ఓడిన జట్టు పూర్తిగా ఒకటి కాదు.

బలి అన్న మాటకు మాత్రం కోపం వచ్చింది. 2003 జూన్ 26న లియోన్‌లో కొలంబియాతో సెమీఫైనల్ ఆడుతూ కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే కుప్పకూలి మరణించాడు. వయసు 28. గుండె కండరం అసాధారణంగా మందమయ్యే జబ్బు అతనికి ఉందని శవపరీక్షలో తేలింది. మూడు రోజులకే అతని సహచరులు ఫైనల్ ఆడి, అదనపు సమయంలో ఫ్రాన్స్ ఆటగాడు ఆన్రీ కొట్టిన గోల్డెన్ గోల్‌తో (పడగానే ఆట ముగిసిపోయే గోలు) ఓడిపోయారు. ఆ మరణం తర్వాత ఆటగాళ్ల గుండె పరీక్షల మీద శ్రద్ధ పెరిగింది. ఒక మనిషి జబ్బును కథకు మసాలాగా వాడకండి.

ఎవరికీ పట్టని ఫైనళ్లా? 1997లో బ్రెజిల్ ఆస్ట్రేలియాను 6-0తో చిత్తు చేసింది, రొనాల్డో మూడు, రొమారియో మూడు. అది ఏకపక్షమే, కాదనను. కానీ 1999లో మెక్సికో నగరంలోని అజ్టెకా మైదానంలో లక్షకు పైగా జనం కూర్చుని చూశారు. మెక్సికో రెండు గోల్స్ ముందుకెళ్లింది, బ్రెజిల్ సమం చేసింది, మెక్సికో మళ్లీ రెండు కొట్టింది, మరుక్షణమే బ్రెజిల్ ఒకటి తిరిగిచ్చింది. చివరికి 4-3. 2009లో జొహానెస్‌బర్గ్‌లో అమెరికా విరామానికి బ్రెజిల్‌పై 2-0 ఆధిక్యంలో ఉంది. సెమీఫైనల్లో వరుసగా 35 మ్యాచ్‌ల్లో ఓటమి ఎరుగని స్పెయిన్‌ను ఆపి వచ్చిన జట్టు అది. విరామం తర్వాత నిమిషం తిరగకుండానే బ్రెజిల్ ఆటగాడు లూయిస్ ఫాబియానో ఒకటి, 74వ నిమిషంలో మరొకటి. 84వ నిమిషంలో లూసియో తల తాకించాడు, బ్రెజిల్ 3-2. సన్నాహక ఆట ఓడితే ఎవరూ అమెరికావాళ్లలా కన్నీళ్లు పెట్టుకోరు.

రద్దుకు కారణం భయం కాదు, క్యాలెండరు, డబ్బు. 2022 ప్రపంచ కప్ ఖతర్‌లో ఎండల వల్ల నవంబరు, డిసెంబరులకు మారింది. చివరి రోజుల్లో ఈ టోర్నీ ప్రపంచ కప్‌కు ముందు ఏడు అదే ఆతిథ్య దేశంలో రిహార్సల్‌గా జరిగేది; ఖతర్‌లో జూన్‌లో అది పెట్టే వీలు లేదు. 2019 మార్చిలో ఫిఫా ఈ టోర్నీ స్థానంలో పెద్ద క్లబ్ ప్రపంచ కప్‌ను ఎంచుకుంది.

చివరిగా, సందేశానికి అతికించిన కప్పు బొమ్మ. వెండి పాత్ర, కింద చెక్క పీఠం, చుట్టూ విజేతల పేర్ల పలకలు. అది కాన్ఫెడరేషన్స్ కప్పే కాదు, దక్షిణ అమెరికా దేశాల టోర్నీ కోపా అమెరికా కప్పు. ఆ టోర్నీని 2015లో గెలిచినందుకే చిలీకి 2017 కాన్ఫెడరేషన్స్ కప్‌లో చోటు దక్కింది.