బోరోబుదూర్ వెళ్లొచ్చిన వాళ్లతో నా గొడవ

బోరోబుదూర్ అంటే ఇండోనేషియాలో, జావా దీవిలోని పెద్ద బౌద్ధ కట్టడం. అక్కడి ఫొటో ఈ వారంలో ఇది మూడోది. అదే చిల్లుల స్తూపం, దాని పక్కన చేతులు చాపి నిలబడ్డ మనవాడు, కింద ‘ప్రశాంతత’ అని ఒక్క మాట. లైకు కొట్టి మనసులో తిట్టుకున్నాను. తిట్టే హక్కు నాకుంది, పోయినేడాది అలాంటి గుంపులోనే నేనూ వెళ్లాను కాబట్టి. బాలీలో ఐదు రాత్రులు, జావాలోని యోగ్యకర్తలో ఒక్క రాత్రి. టూరు కాగితంలో బోరోబుదూర్‌కు ‘రెండు గంటలు’ అని ఉంది. ఆ రెండు గంటల్లోనే బాతిక్ చీరల దుకాణం కూడా ఉందని అక్కడికి వెళ్లాక తెలిసింది.

ఆ చిల్లుల స్తూపాలు 72. అన్నీ పైనున్న మూడు గుండ్రటి అరుగుల మీదే ఉంటాయి. మెట్లెక్కి నేరుగా అక్కడికే పోయినవాడు బోరోబుదూర్‌ని వదిలేసి దాని గొడుగు చూసొచ్చినట్టే. అసలు సంగతంతా కిందున్న నాలుగు చదరపు వీధుల్లో ఉంది. రెండు పక్కలా గోడలు, గోడల నిండా శిల్పాలు. మొత్తం 2,672 ఫలకాలు, వాటిలో కథ చెప్పేవి 1,460. తూర్పు మెట్ల దగ్గర మొదలుపెట్టి, కట్టడం కుడిచేతి వైపు ఉండేలా నడవాలి. మొదటి వీధిలో లోపలి గోడకు రెండు వరసలు, బయటి పిట్టగోడకు రెండు వరసలు, అంటే నాలుగు చుట్లు. మిగతా మూడు వీధుల్లో రెండేసి. వెరసి పది ప్రదక్షిణలు చేస్తే గానీ కథ పూర్తిగా చూసినట్టు కాదు. కోరిక తీరితే చిలుకూరులో 108 చుట్లు తిరిగే జనం మనం. ఇక్కడ ఒక్క చుట్టు అనగానే మోకాళ్ల నొప్పులు గుర్తొస్తాయి!

సరే, ఇప్పుడు పది చుట్లు ఎవరికీ కుదరవు. పైన ఉండనిచ్చే సమయమే తక్కువ. కనీసం ఒక్క చుట్టు తిరగండి. మొదటి వీధి, లోపలి గోడ, పై వరస. బుద్ధుడి జీవితం 120 ఫలకాల్లో, పుట్టకముందు ఉన్న తుషిత స్వర్గం నుంచి సారనాథ్‌లో తొలి ప్రబోధం దాకా ఉంటుంది. మాకు దారి చూపినామె తలకు ముసుగు కట్టుకున్న ముస్లిం అమ్మాయి. సుజాత పాయసం ఇచ్చే ఘట్టాన్ని, ధ్యానం చెడగొట్టవచ్చిన మారుడి సేన విసిరిన ఆయుధాలు పూలుగా మారే ఘట్టాన్ని సొంత ఇంటి కథలా చెప్పుకుపోతోంది. మా గుంపులోంచి ఒక పెద్దాయన నా భుజం తట్టి, “ఈ కథంతా యూట్యూబులో ఉంటుంది కదమ్మా, పైకి పోదాం, ఎండెక్కుతోంది” అన్నారు. ఏమీ అనలేక ఊరుకున్నాను. ఆ అమ్మాయికి తెలుగు రాదు గానీ, మా ముఖాలు చదవడం బాగానే వచ్చు.

రోజుకు ఇంతమందినే అని లెక్కపెట్టి పైకి పంపుతారనీ, గైడు లేనిదే ఎక్కనివ్వరనీ, సొంత చెప్పులు విప్పించి వాళ్ల చెప్పులు వేయిస్తారనీ మనవాళ్లు తెగ సణుగుతున్నారు. నన్నడిగితే ఆ సంఖ్య ఇంకా తగ్గించినా తప్పులేదు. అగ్నిపర్వతపు రాయి అది. లక్షల కాళ్లు రాసుకుని మెట్లు అరిగిపోయాయి. అక్కడి 504 బుద్ధ విగ్రహాల్లో 300 పైచిలుకు దెబ్బతిన్నవే, చాలావాటికి తలలు లేవు. 1896లో సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజు చులాలొంగ్‌కార్న్ వస్తే అప్పట్లో జావాను ఏలుతున్న డచ్చివాళ్లు ఎనిమిది బండ్ల శిల్పాలు కట్టి పంపారు. ఇన్ని పోగొట్టుకున్నాక మిగిలింది కాపాడుకుంటామంటే మనకు కోపమా? స్తూపం చిల్లులోంచి చెయ్యి పెట్టి లోపలి బుద్ధుణ్ణి తాకితే అదృష్టమని అక్కడొక నమ్మకం ఉండేది. ఇప్పుడు అది నిషేధం. మావాడొకడు కాపలా మనిషి అటు తిరగగానే చెయ్యి దూర్చాడు. ఏం కోరుకున్నాడో నాకు తెలియదు.

ఆ చెప్పుల పేరు మాత్రం నాకు భలే నచ్చింది. ‘ఉపానత్’. అల్లిక చెప్పులు, మెత్తని అడుగు. పెద్దకర్మనాడు గొడుగూ చెప్పులూ ఇచ్చే ఛత్రోపానహ దానంలోని మాటే ఇది. మనం పురోహితుడి నోట తప్ప వినని మాట వాళ్ల టికెట్ కౌంటరులో వినబడుతుంది.

అలాగని ‘బోరోబుదూర్ కట్టింది మన తెలుగువాళ్లే’ అని వాట్సాప్‌లో పంపేవాళ్లకు ఒక దండం. జావాను ఏలిన శైలేంద్ర రాజుల కాలంలో, ఎనిమిది తొమ్మిది శతాబ్దాల్లో, జావా మనుషులు జావా రాతితో కట్టుకున్నది అది. రాకపోకలు ఉన్నాయి, మాటలూ లిపీ సముద్రం దాటాయి, నిజమే. పునాది చుట్టూ తరవాత రాళ్లు పేర్చి మూసేసిన 160 ఫలకాలు 1885లో బయటపడ్డాయి. వాటిలో కొన్నింటి పైన శిల్పికి గుర్తుగా చిన్న చిన్న మాటలు చెక్కి ఉన్నాయి: విరూప, స్వర్గ, కుశల. అనువాదం అక్కర్లేని మాటలు. ఆగ్నేయ మూల కొన్ని ఫలకాలు ఇప్పటికీ తెరిచే ఉంచారు. ఎవరూ అటు పోరు, ఫొటోకు ఎత్తు చాలదు.

నిజంగా మన గొప్ప చెప్పుకోవాలనుకుంటే అమరావతి వెళ్లి నిలబడండి. అక్కడ చూడ్డానికి మిగిలింది స్తూపం అడుగు భాగం. ఫలకాల్లో ఎక్కువభాగం చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి, లండన్‌కు పోవాలి. ఒక విచిత్రం చెబుతాను. అమరావతిని మొదట లోకానికి చెప్పిన ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1811లో బ్రిటిష్ సేనతో జావా కూడా వెళ్లాడు. 1812లో యోగ్యకర్త దగ్గరి ప్రంబనన్ హిందూ ఆలయాల శిథిలాలు చూసి రాసుకున్నాడు. ఆ తరవాత రెండేళ్లకే, 1814లో, బోరోబుదూర్ మీది మట్టీ చెట్లూ తొలగించే పని మొదలైంది. వాళ్ల గోడల్లో చాలా భాగం వాళ్ల కొండ మీదే నిలిచింది, మనది ఓడెక్కింది. బోరోబుదూర్ వీధిలో నడుస్తున్నంతసేపూ నాకు కడుపులో మంటగానే ఉంది.

మరునాడు ప్రంబనన్. అదే ఆవరణలో నడిచిపోయేంత దూరంలో సెవు అనే పెద్ద బౌద్ధ ఆలయ సముదాయం ఉంది, చిన్నా పెద్దా కలిపి 249 గుడులు. మా బస్సులోంచి అటు నడిచింది ముగ్గురం. పొలాల మధ్యనున్న ప్లావొసాన్ బౌద్ధ గుడులు, 778 నాటి శాసనంలో కనబడే కలసన్ తారాదేవి ఆలయం టూరు కాగితంలోనే లేవు.

మెందుత్ అనే బౌద్ధ గుడి కూడా కాగితంలో లేదు. బోరోబుదూర్‌కు మూడు కిలోమీటర్లు. వైశాఖ పూర్ణిమకు ఊరేగింపు బయలుదేరేది అక్కణ్ణుంచే. డ్రైవరును బతిమాలితే పావుగంట ఆపాడు. లోపల మూడు మీటర్ల బుద్ధుడు, కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు కిందికి జార్చి, చీకట్లో. నాకు బోరోబుదూర్ శిఖరం కన్నా ఇదే ఎక్కువ. బయట మెట్ల పక్కగోడ మీద చేటంత ఫలకంలో రెండు హంసలు ఒక కర్ర పట్టుకుని ఎగురుతున్నాయి, మధ్యలో ఆ కర్రను పళ్లతో కరిచిపట్టి వేలాడుతున్న తాబేలు. చిన్నప్పుడు మా నాయనమ్మ అన్నం పెడుతూ చెప్పిన తాబేలే. దగ్గరికి వెళ్లి దాని నోరు చూస్తున్నాను, ఎంత గట్టిగా బిగించి ఉందో. వెనక బస్సులోంచి ఎవరో అరిచారు: “మేడం, అక్కడేముంది, త్వరగా రండి, చీరల షాపు మూసేస్తారట!”