పాత బ్యాటరీకి దిక్కెవరు?

కొత్త ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతం. ఎనిమిదేళ్ల తర్వాత అదే కారుకు బ్యాటరీ విడిగా కొంటే 18 శాతం. షోరూమ్‌లో తొలి యజమానికి బుజ్జగింపు, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న చిన్న ఉద్యోగికి వడ్డింపు! దీన్ని పర్యావరణ విధానం అని ఎలా అనగలం?

విశాఖ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం ఇచ్చే బొగ్గు కరెంటుతో నడిచినా, మొత్తం జీవితకాలం లెక్కేస్తే పెట్రోలు కారు కన్నా ఎలక్ట్రిక్ కారు వదిలే కర్బనం తక్కువేనన్నది నిజమే. బ్యాటరీ ముసలిదైన రోజున ఏం చేస్తారన్నదే మా ప్రశ్న.

విశాఖలో ఆ రోజు త్వరగానే రావచ్చు. నిండా చార్జి చేసి మే ఎండలో నిలబెడితే బ్యాటరీలోని ఒక్కో సెల్ లోపల పొర మందమై సామర్థ్యం తగ్గుతుంది. ఉప్పుగాలికి, చెమ్మకు కనెక్టర్లు తుప్పు పడతాయి. వరుసలో ఒక్క సెల్ నీరసించినా ప్యాక్ మొత్తం దాని దగ్గరే ఆగిపోతుంది. వారంటీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. అదీ సామర్థ్యం 70 శాతానికి దిగువకు పడితేనే. 71 దగ్గర ఆగిందా, ఖర్చు యజమాని నెత్తినే.

మార్చాక పాతదాని సంగతి? గాజువాక ఆటోనగర్‌లో సీసం బ్యాటరీని తూకం వేసి డబ్బిస్తారు, ఎందుకంటే సీసానికి గిరాకీ ఉంది. ఇప్పుడు మన కార్లలో ఎక్కువగా వస్తున్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకంలో కోబాల్ట్, నికెల్ ఉండవు. కోబాల్ట్ కోసం పిల్లలతోనూ తవ్వించే కాంగో గనుల పాపం అంటకపోవడం మంచిదే. కానీ రీసైక్లింగ్‌లో బాగా గిట్టుబాటయ్యేవి ప్రధానంగా ఆ రెండే. రాగి, అల్యూమినియం లాగేసుకుని మిగతాది పారేస్తే అడిగేవారెవరు? తడి తగిలితే బ్యాటరీ లోపలి ద్రవం (ఎలక్ట్రోలైట్)లోని లవణం హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువును వదులుతుంది. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు ఆర్‌ఆర్ వెంకటాపురం ఏం చూసిందో ఈ ఊరికి ఒకరు చెప్పాలా?

2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2026-27 నుంచి 90 శాతం పదార్థం తిరిగి రాబట్టాలి. అయితే అది ఒక్కో లోహానికి విడిగా కాదు, బ్యాటరీ మొత్తం పొడి బరువు మీద లెక్క. 30 యూనిట్ల ప్యాక్‌లో లిథియం 3 కిలోలకు అటూఇటూ, మొత్తం బరువులో ఒకటి రెండు శాతం. దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకునే ఆ లోహం గ్రాము కూడా దక్కకుండానే లక్ష్యం చేరినట్టు కాగితం మీద రాసుకోవచ్చు. ఇక్కడా అదే వరస: అమ్మేటప్పుడు పర్యావరణం, ముగింపులో కాకిలెక్క.

విడి బ్యాటరీ పన్నును 5 శాతానికి దించాలి. మార్పిడి ధరను అమ్మకం రోజునే రాసివ్వాలి. లిథియానికి విడిగా లక్ష్యం పెట్టాలి. నగరపాలక సంస్థ, కాలుష్య నియంత్రణ మండలి కలిసి ఊరికి దూరంగా, వాన తగలని, సిమెంటు నేల ఉన్న షెడ్డు చూపించాలి. దెబ్బతిన్న ప్యాక్‌లను అక్కడ విడివిడిగా, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా ఉంచాలి. జెండా ఊపి కొత్త వాహనాలను ప్రారంభించే అధికారులు, ఆ షెడ్డు ఏ సర్వే నంబరులో ఉందో అదే వేదిక మీద చెప్పాలి. చెప్పలేకపోతే జెండా కింద పెట్టండి.