మూడ్ కోసం ఆగొద్దు, టైమ్ పెట్టుకోండి

మనసు బాగోలేదంటే చాలు, ‘నీకు నచ్చిన పనేదైనా చెయ్యి’ అంటారు. మామూలు చిరాకు వరకూ ఆ సలహా బాగానే పనిచేస్తుంది. అసలు అవసరం ఉన్నవాళ్ల దగ్గరే చేతులెత్తేస్తుంది.

2016లో మాక్సిమ్ టకే అనే పరిశోధకుడి బృందం సుమారు 28 వేల మందిని ఫోన్ యాప్ ద్వారా రోజులో అప్పుడప్పుడూ పలకరించి, మూడ్ ఎలా ఉంది, ఏం చేస్తున్నారు అని అడిగింది. దిగులుగా ఉన్నవాళ్లు తర్వాతి కొన్ని గంటల్లో ఆటల్లాంటి హుషారిచ్చే పనులవైపు మళ్లుతున్నారు. హుషారుగా ఉన్నవాళ్లు విసుగు పుట్టించే ఇంటిపనులు ముందేసుకుంటున్నారు. మనకు తెలియకుండానే జరిగిపోయే సర్దుబాటు ఇది. డిప్రెషన్ బారిన పడినవాళ్లలో ఇదే సన్నగిల్లుతుందని 2020లో టకే, సహచరులు చూపారు. సర్దుబాటే దెబ్బతిన్న మనిషిని నచ్చింది చేయమంటే ఏం చేస్తాడు? ఏదీ నచ్చకపోవడమే కదా అతని జబ్బు!

అందుకే డిప్రెషన్‌కు చేసే బిహేవియరల్ యాక్టివేషన్ (రోజువారీ పనులు మార్చి, వాటి ద్వారా మూడ్‌ను మార్చే) చికిత్స ఇష్టాన్ని పక్కనపెట్టి గడియారాన్ని నమ్ముకుంటుంది. మొదట్లో ఏమీ మార్చరు. ఏ గంటలో ఏం చేశారో రాసి, పక్కన మూడ్‌కు 0 నుంచి 10 లోపు మార్కు వేస్తారు. వారం తిరిగేసరికి ఏ పని తర్వాత మార్కు పెరిగిందో, దేని తర్వాత పడిపోయిందో కాగితమే చెబుతుంది. అప్పుడు రెండు మూడు పనులకు వేళ పెట్టుకుంటారు. ‘రోజూ నడవాలి’ అని రాస్తే లాభం లేదు. ‘సాయంత్రం 6కి చెప్పులేసుకుని 10 నిమిషాలు’ అని రాయాలి.

బెడిసికొట్టేది ఎక్కడంటే, ఈ ప్లాన్ హుషారుగా ఉన్న రోజున వేసుకోవడం. గంట వ్యాయామం అని రాస్తారు, మూడో రోజుకే తప్పుతుంది, తప్పిందన్నదే కొత్త దిగులవుతుంది. మరీ నీరసంగా ఉన్న రోజున కూడా చేయగలిగినంతే రాయాలి. సింకు మొత్తం వద్దు, నాలుగు గిన్నెలు చాలు. నడుస్తూ పాత గొడవే నెమరేస్తుంటే కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం లాంటి చేతికీ కంటికీ పనిచెప్పేవి ఎంచుకోవాలి.

ఆలోచనలు మారకుండా పనులు మారిస్తే ఏం ఒరుగుతుందని కొందరంటారు. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన 440 మంది డిప్రెషన్ రోగుల అధ్యయనం చూడండి. తక్కువ శిక్షణ పొందిన సిబ్బంది చేసిన ఈ చికిత్స, ఆలోచనలను మార్చేందుకు నిపుణులు చేసిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ)కి ఏమాత్రం తీసిపోలేదు. ఖర్చూ తగ్గింది. మందులు వాడుతున్నవాళ్లు వాటిని మానాలని దీనర్థం కానేకాదు.

అయితే ఆ ‘సాయంత్రం 6’ ఎవరి చేతిలో ఉంది? రేపటి షిఫ్టు ఎన్నింటికో ఈ రాత్రి మెసేజ్ వస్తేగానీ తెలియని కార్మికుడు ఏ వేళ రాసుకోవాలి? కంపెనీలు అతనికి ధ్యానం యాప్ చందా కట్టి చేతులు దులుపుకుంటున్నాయి. మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడే ప్రభుత్వాలు ముందు పనివేళల సంగతి తేల్చాలి. షిఫ్టు పట్టిక కనీసం రెండు వారాల ముందు చేతికివ్వాలని, ఆఖరి నిమిషంలో మారిస్తే అదనపు వేతనం చెల్లించాలని చట్టం చేయాలి.