కొత్త బోరు, పాత నీళ్లు

హైదరాబాద్‌లో ఏప్రిల్ వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఎవరినీ "టిఫిన్ అయ్యిందా" అని అడగరు. "ట్యాంకర్ వచ్చిందా" అనే అడుగుతారు. ఈసారి పాత బోరు అరగంట పోసి ఆయాసపడటం మొదలెట్టింది. అసోసియేషన్ మీటింగు పెట్టి, కొత్త బోరు వేయాల్సిందేనని తీర్మానించారు.

మూడో అంతస్తులో రిటైరైన జియాలజీ మాస్టారు ఒకరున్నారు. పాపం, చెప్పిచూశారు. "మన కిందున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటండీ. అందులో నీళ్లు చెరువులా నిలవవు. పైన శిథిలమైన రాతి పొరలో కొంత, లోపల పగుళ్లలో కొంత ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, లేకపోతే దుమ్ము. భూమిలోకి కరెంటు పంపి సర్వే చేయిద్దాం, తడి ఉన్న చోట అది తేలిగ్గా పారుతుంది."

సెక్రటరీ గారు ఖర్చెంతో కనుక్కుని, కొబ్బరికాయ పెద్దాయన్ని పిలిపించారు.

అరచేతిలో పడుకోబెట్టిన కాయ, కింద నీళ్లుంటే నిటారుగా లేస్తుందట. లేచింది కూడా, సరిగ్గా ప్రెసిడెంటు గారి కారు దగ్గర. "ఇంకోసారి చూడండి" అన్నారాయన. రెండోసారి సెక్రటరీ గారి స్కూటర్ దగ్గర లేచింది. ఆయనకూ నమ్మకం కుదరలేదు. చివరికి ఎవరి బండీ లేని చోట, పాత బోరు పక్కనున్న చెత్తడబ్బాల దగ్గర లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. భూగర్భ జలాలకు కూడా అపార్ట్‌మెంట్ రాజకీయాలు తెలుసన్నమాట!

తెల్లవారుజామున రిగ్గు లారీ వచ్చింది. కేసింగ్ పైపు దిగింది, కంప్రెసర్ హోరెత్తింది. రెండో అంతస్తు బాల్కనీలో ఆరబెట్టిన గుమ్మడి వడియాలకు గ్రానైటు పిండి పూత పడింది. 300 అడుగులైనా బూడిదే. అడుగుకింత లెక్క, లోతుకెళ్లే కొద్దీ రేటు పెరుగుతుంది. ట్రెజరర్ గారు దేవుణ్ణీ కాలిక్యులేటర్‌నీ మార్చి మార్చి చూసుకుంటున్నారు. 420 దగ్గర ఒక్కసారిగా నీళ్లు ఎగజిమ్మాయి. ముందు వరసలో తెల్ల పైజామాలో నిలబడ్డ ప్రెసిడెంటు గారు నిలువెల్లా బురదయ్యారు. అయినా నవ్వారు. ఫొటోలు గ్రూపులో పడ్డాయి.

మర్నాడు పాత బోరు మోటారు వేస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

"రెండూ ఒకే పగులులో దిగాయి. ఒకే బోండంలో రెండు స్ట్రాలు వేసినట్టే" అన్నారు మాస్టారు. లక్షలు పోసి మన నీళ్లు మనమే తెచ్చుకున్నామని ట్రెజరర్ గారికి అర్థమవడానికి కాసేపు పట్టింది.

దొరికిందే సందని మాస్టారు అందుకున్నారు. "ఆవరణంతా సిమెంటు చేశారు. ఇక్కడ పడ్డ వాన ఇంకేదెక్కడ? కాలువలోకి, మూసీలోకి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి, అటునుంచి హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోతోంది. అక్కడ ఆవిరై, మేఘమై మళ్లీ మన దాకా వస్తే, మళ్లీ కాలువలోకే సాగనంపుతున్నాం. అసలు మన ప్లాన్‌లో ఇంకుడు గుంత ఉండాలి కదా, ఏదీ?"

పాత ప్లాన్ తెచ్చి చూశారు. ఉంది. ప్రెసిడెంటు గారి కారు కింద, టైల్స్ కింద.

గుంత మళ్లీ తవ్వాలా వద్దా అన్న చర్చ వేడెక్కుతుండగా పక్క అపార్ట్‌మెంట్ సెక్రటరీ గోడ మీంచి తొంగిచూశారు. "మీ కొత్త బోరు పడ్డప్పట్నుంచి మా బోరులో నీళ్లు తగ్గాయండీ!" ఇంకేముంది, గొడవే అనుకుని అందరం లేచి నిలబడ్డాం. ఆయన గొంతు తగ్గించి అడిగారు:

"ఆ కొబ్బరికాయ పెద్దాయన నంబరు కాస్త ఇస్తారా?"