నెయ్యి దోశలో నెయ్యి ఉందా?

మొన్నో ఆదివారం పొద్దున మా మేనకోడలిని తీసుకుని మా పేటలో పేరున్న టిఫిన్ సెంటర్‌కి వెళ్లాను. ఏళ్ల తరబడి అక్కడ నేను తినేది ఒకటే, నెయ్యి కారం దోశ. మా పిల్ల రెండేళ్ల కిందట వీగన్ అయింది. మాంసం, గుడ్డు సరే, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టదు. సర్వర్ వచ్చి నిలబడగానే మొదలుపెట్టింది.

"ప్లెయిన్ దోశకి పెనం మీద ఏం రాస్తారు?"

"నూనె మేడం."

"అదే పెనం మీద ముందు నెయ్యి దోశ వేసుంటారు కదా?"

సర్వర్ బుర్ర గోక్కున్నాడు. "మాది ప్యూర్ వెజ్ మేడం" అన్నాడు. అడిగింది అది కాదని మా పిల్ల మళ్లీ మొదటికి వచ్చింది. అతను లోపలికి వెళ్లాడు. వెనక బల్ల వాళ్లు మావైపు తిరిగి చూస్తున్నారు, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు నిమిషాలకి మాస్టరే చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చాడు. చాలా ఆప్యాయంగా, కాస్త గొంతు తగ్గించి, "ఏం భయం లేదమ్మా, మేం నెయ్యి వాడం. వనస్పతిలో వాసనకి ఎసెన్స్ కలుపుతాం, అంతే" అన్నాడు.

మా మేనకోడలు నిశ్చింతగా రెండు దోశలు చెప్పింది. నేను గోడ మీద బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాను. ప్లెయిన్ దోశ 60. నెయ్యి కారం దోశ 110.

వీగన్ల గురించి మన దగ్గర రెండే మాటలు నడుస్తాయి. ఒకటి, ఇది దొరల దేశం నుంచి వచ్చిన పిచ్చి. రెండు, ఇది డబ్బున్నవాళ్ల వేషం. రెండూ నేనూ అన్నవాణ్నే. ఆ పొద్దుటి నుంచి మాత్రం నా అభిప్రాయం మారింది. వీళ్ల వల్ల దుకాణాల్లో, హోటళ్లలో ఏం మారిందని అడిగితే అందరూ ఓట్ పాల కాఫీ, బఠాణీ ప్రొటీన్ కబాబ్ చూపిస్తారు. అవి పై పై సరుకులు. అసలు మార్పు ఏమిటంటే, బిల్లు కట్టే మనిషి వంటింటి తలుపు తట్టి "ఇందులో ఏం వేశారు?" అని అడగడం. అలా అడిగే అలవాటు మనకు లేదు. ఉండి ఉంటే నా దోశకు నేనంత డబ్బు కట్టేవాణ్ని కాదు.

ఇంత తక్కువ మందికి అంత పలుకుబడి ఎలా వచ్చిందన్నది చూడాలి. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలిసి వీగన్ అన్న మాట పుట్టించి ఓ సంఘం పెట్టారు. ఎనభై ఏళ్లు దాటినా ప్రపంచంలో ఎక్కడా వాళ్లు మెజారిటీ కాదు, అయ్యే సూచనా లేదు. కానీ హోటల్ వ్యాపారంలో లెక్క ఓట్ల లెక్క కాదు. ఆఫీసులో పదిమంది కలిసి లంచ్‌కి బయల్దేరితే, ఎక్కడికి వెళ్లాలో తేల్చేది ఏదైనా తినే తొమ్మిది మంది కాదు. అన్నీ తినని ఆ ఒక్కరే. ఆ ఒక్కరికి తినడానికి ఏమీ లేకపోతే హోటల్‌వాడికి పోయేది ఒక్క ప్లేటు కాదు, పది ప్లేట్లు.

ఈ సంగతి మన వ్యాపారులకు కొత్తేం కాదు. దేశ జనాభాలో అర శాతం కూడా లేని జైనుల కోసం ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని వంటకాలు మెనూల్లోకి ఎప్పుడో వచ్చాయి, విమానాల్లో కూడా జైన్ భోజనం అడిగితే పెడతారు. కార్తీక మాసం వస్తే మన ఊళ్లలో కోడి ధర దిగుతుంది. తినడం మానేసినవాడు ఎంత గట్టి కస్టమరో చికెన్ షాపువాడిని అడిగితే చెబుతాడు.

బ్రిటన్‌లో గ్రెగ్స్ అని వీధి వీధినా కనిపించే బేకరీ దుకాణాల గొలుసు ఉంది. మన ఇరానీ కేఫ్ సమోసాలాంటిది వాళ్ల సాసేజ్ రోల్, సామాన్యుల తిండి. 2019 జనవరిలో వాళ్లు మాంసం లేని వీగన్ సాసేజ్ రోల్ పెట్టారు. టీవీ వ్యాఖ్యాత పియర్స్ మోర్గాన్ దాన్ని ట్విట్టర్‌లో తిట్టిపోశాడు. ఆ తిట్లే పెద్ద ప్రచారమయ్యాయి, జనం ఎగబడ్డారు. ఆ ఏడాది వ్యాపారం ఎంత బాగా సాగిందంటే 2020 జనవరిలో సిబ్బందికి 70 లక్షల పౌండ్లు ప్రత్యేక బోనస్‌గా పంచారు. ఆ రోల్స్ కొన్నవాళ్లంతా వీగన్లేనా? అంతమంది వీగన్లు బ్రిటన్‌లో ఎక్కడున్నారు? అడిగింది కొద్దిమంది, తిన్నది ఊరంతా.

ఆ 'ఒక్కరి' సూత్రం ఎదురు తిరిగితే ఏమవుతుందో న్యూయార్క్‌లో చూశాం. హోటళ్లకిచ్చే పెద్ద గుర్తింపు, మూడు మిషెలిన్ నక్షత్రాలున్న ఎలెవెన్ మాడిసన్ పార్క్ అనే హోటల్ 2021లో మాంసం, చేప పూర్తిగా తీసేసి మొక్కల వంటకు మారింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 2025 అక్టోబర్‌లో మాంసం మళ్లీ బల్ల మీదకు వచ్చింది. అంతా మొక్కల వంటే అనేసరికి కొందరు తమ దగ్గరికి రావడమే మానేశారనీ, పార్టీల బుకింగులు కష్టమయ్యాయనీ చెఫ్ డేనియల్ హమ్ ఒప్పుకున్నాడు. అక్కడ పదిమందిలో అడ్డం తిరిగినవాడు మాంసం తినేవాడు. కాబట్టి మెనూలో చోటు అడిగిన వీగన్ గెలిచాడు, మెనూ మొత్తం అడిగినవాడు ఓడిపోయాడు.

ఇక ఆ కృత్రిమ మాంసాల గోల. అమెరికాలో మొక్కల సరుకుతో మాంసంలాంటి తిండి చేసే బియాండ్ మీట్ కంపెనీ 2019 మేలో 25 డాలర్లకు షేరు అమ్మి మార్కెట్లోకి వచ్చింది. కొన్ని వారాల్లోనే అది 200 డాలర్లు దాటింది. 2025 అక్టోబర్‌కి ఒక డాలరు కిందికి పడింది. మన దేశంలోనూ 2021, 2022ల్లో సినిమావాళ్లూ క్రికెటర్లూ ఈ సరుకులో డబ్బు పెట్టారు. నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. 2014లో కేంద్రం చేయించిన సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. అసలు మటన్ రుచి తెలిసిన నాలుకకు బఠాణీ పిండి మటన్ దేనికి? మటన్ వద్దనుకున్న నాలుకకు గోంగూర పప్పు ఉంది, ఉల్లిపాయ పులుసు ఉంది, నువ్వుల నూనెలో మగ్గిన గుత్తి వంకాయ ఉంది. మన వంటింట్లో సగం వంటలు పేరు పెట్టకుండానే వీగన్. వాటిని పాడుచేసింది హోటళ్లే. మా అమ్మ గుత్తి వంకాయలో నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి, చింతపండు. హోటల్‌వాడి గుత్తి వంకాయలో క్రీమ్, బటర్, పైన ఇంకో తెల్లటి చుక్క. వీగన్ అడిగితే "ఉండదు మేడం" అంటాడు. వాళ్ల నాయనమ్మ చేసినట్టు చేస్తే చాలునని వాడికి తట్టదు.

పాలు అన్న మాట మీద జరిగిన తగువు ఇంకా విచిత్రం. సోయా పాలు, బాదం పాలు అని రాసి అమ్ముతుంటే డెయిరీ సంఘాలు ఫిర్యాదు చేశాయి. 2021లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పేర్లున్న సరుకుల్ని ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేయమంది. అందుకే ఇప్పుడు డబ్బాల మీద 'డ్రింక్' అనో 'బెవరేజ్' అనో కనిపిస్తుంది. తెలుగువాడికి ఈ గొడవ ఎలా అర్థమవుతుంది చెప్పండి. మనకు కొబ్బరి పాలున్నాయి, గసగసాల పాలున్నాయి, మర్రి పాలు, జిల్లేడు పాలు కూడా ఉన్నాయి. జిల్లేడు పాలు చూసి గేదె పాలనుకుని కాఫీలో పోసుకున్నవాడు మన చరిత్రలో ఒక్కడూ లేడు.

అవతలి వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అమూల్‌ని మొక్కల పాలకు మారమని జంతు హక్కుల సంస్థ పెటా 2021లో సలహా ఇచ్చినప్పుడు, పది కోట్ల పాడి రైతులకు బతుకుదెరువు మీరిస్తారా అని అప్పటి అమూల్ ఎండీ ఆర్.ఎస్. సోధి అడిగారు. ముల్కనూరు మహిళా డెయిరీకి పొద్దున్నే పాలు పోసే ఆడవాళ్ల ఎదురుగా నిలబడి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు చేతకాదు. వాళ్ల ఇంటి ఖర్చులు ఆ పాల మీదే నడుస్తాయి. మా మేనకోడలితో కూడా ఈ విషయంలో నాకు పేచీయే. కాకపోతే ఒక్కటి గమనించాలి. ఆ రైతుకు నష్టం ఎక్కువ చేస్తున్నది పాలు మానేసిన గుప్పెడు మందా, పాల పేరుతో పామాయిల్ అమ్ముతున్నవాళ్లా?

నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇదే. పనీర్ సంగతి తీసుకోండి. పాల కొవ్వు బదులు పామాయిల్‌తో చేసే నకిలీకి 'అనలాగ్' అని ఓ మర్యాద పేరుంది. ప్యాకెట్ మీద ఆ పేరు రాస్తే అమ్ముకోవడం తప్పు కాదు. కానీ ప్యాకెట్ హోటల్ వంటింట్లో చింపుతారు, బల్ల మీదికి వచ్చేది పనీర్ బటర్ మసాలా. మెనూలో కూడా చెప్పాలన్న చర్చ 2025లో కేంద్ర వినియోగదారుల శాఖ దాకా వెళ్లింది. అంటే, పాలు వద్దన్న వీగన్ ఓట్ పాలకు ఎక్కువ డబ్బు కట్టి పాలు మానేస్తున్నాడు. పాలు కావాలన్న మనం ఎక్కువ డబ్బు కట్టి, తెలియకుండానే మానేస్తున్నాం.

వనస్పతి కథ మరీ అన్యాయం. దాన్ని నెయ్యిలో కలిపితే దొరికిపోవాలని, వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న నిబంధన. నువ్వుల నూనె ఉన్న శాంపిల్ పరీక్షలో ఎర్రగా తిరుగుతుంది, దొంగ పట్టుబడతాడు. ఎంత తెలివైన ఏర్పాటు! కానీ పరీక్ష గొట్టం ల్యాబ్‌లో ఉంటుంది, దోశ మన ప్లేటులో ఉంటుంది. కల్తీ చేసేవాడికి తెలుసు, అధికారికి తెలుసు, తినేవాడికి మాత్రం వాసన తెలుసు. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం వచ్చినప్పుడు రాష్ట్రమంతా నెయ్యి పరీక్షల గురించి మాట్లాడింది. ఆ చర్చలో చాలా భాగం టిఫిన్ సెంటర్లలోనే, నెయ్యి దోశలు తింటూ జరిగింది.

చట్టం లేదా అంటే ఉంది, సగం. పదిచోట్ల లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూ మీద క్యాలరీలు, పాలు, వేరుశనగలాంటి అలర్జీ పదార్థాల వివరాలు చూపాలని 2022 జూలై నుంచి నిబంధన అమల్లో ఉంది. మా పేట టిఫిన్ సెంటర్‌కి అది వర్తించదు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి శాకాహారం అనుకుంటాం, కానీ అందులో పాలున్నాయో లేదో ఆ చుక్క చెప్పదు. వీగన్లు పట్టుబట్టారు కాబట్టే 2022లో వాళ్లకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి, ఆకుపచ్చ ఇంగ్లిష్ 'వి' అక్షరం మీద చిన్న ఆకున్న గుర్తు వచ్చింది. కనిపించే పదార్థమే కాదు, తయారీలో వాడే ఎంజైమ్ కూడా జంతువుల నుంచి రాకూడదని అందులో ఉంది. దీని ఫలం ఎవరికి? పాలు అరగనివాళ్లకి, పాల అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకి.

ఇలాంటి పట్టుదలే వేరే దారిలో కోర్టు దాకా వెళ్లింది. ఈ631 అనే రుచి పదార్థం ప్యాకెట్ తిండిలో బాగా వాడతారు. అది మాంసం నుంచి, చేపల నుంచి కూడా తీస్తారు, కోడ్ చూస్తే ఆ ముక్క తెలియదు. 2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు, కోడ్ రాస్తే సరిపోదు, అది మొక్కదా జంతువుదా ల్యాబ్‌లో పుట్టిందా చెప్పాల్సిందే అంది. ఆ కేసు వేసింది వీగన్లు కాదు, గోరక్షణ సంస్థ ఒకటి. వాళ్ల రాజకీయాలు నాకు గిట్టవు. అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. నేను మెచ్చుకుంటున్నది ప్యూర్ వెజ్ బోర్డును కాదు. మన ఊళ్లలో ఆ బోర్డుకు తిండితో పాటు కులం వాసన కూడా ఉంటుంది. ఇల్లు అద్దెకు వెతికినవాళ్లకు ఆ బాధ తెలుసు. ప్యూర్ వెజ్ అనేది పక్కవాడి పళ్లెంలో ఏముందని అడుగుతుంది. మా మేనకోడలు తన పళ్లెంలో ఏముందని అడిగింది. ఆ తేడా సర్వర్‌కి అర్థం కాకపోవడంలో తప్పు లేదు. ఆ ప్రశ్న అతన్ని అంతకు ముందు ఎవరూ అడగలేదు.

మూడు వారాల తర్వాత మళ్లీ అదే టిఫిన్ సెంటర్‌కి ఒక్కణ్నే వెళ్లాను. మాస్టర్ నన్ను గుర్తుపట్టి లోపలి నుంచే నవ్వాడు. గోడ మీద బోర్డులో ఒక వరుసను తుడిచి మళ్లీ రాశారు, తడి సరిగా ఆరకుండానే రాశారేమో, సుద్ద గీతలు కాస్త చెదిరాయి. నెయ్యి కారం దోశ పోయింది. ఆ చోట 'స్పెషల్ కారం దోశ' అని ఉంది. ధర 110.