పేరు చెక్కని రాయి

మా బంధువుల ఊళ్లో పంచాయతీ కార్యాలయం పక్కన నడుమెత్తు దిమ్మె, దానికి తాపిన నల్లరాయి పలక ఉన్నాయి. సరిహద్దులో ప్రాణం విడిచిన ఆ ఊరి జవాను జ్ఞాపకార్థం కట్టించారు. ఆవిష్కరించిన వారి పేరు, హోదా, సభకు అధ్యక్షత వహించిన వారి పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. జవాను పేరు వాటి కింద చిన్నగా ఉంది. ఏటా పంద్రాగస్టుకు ముందు గోడలకు సున్నం వేసేటప్పుడు దిమ్మెకూ ఒక పూత వేస్తారు. ఆ సున్నం పలక మీదికి కారి, చిన్న అక్షరాలే ముందుగా పూడిపోయాయి. మొన్న వెళ్లినప్పుడు గోటితో గీకి చదివాను. ఏ రెజిమెంటులో పనిచేశాడో, ఎక్కడ నేలకొరిగాడో ఆ పలక మీద లేదు. ఎవరి కోసం కట్టారో ఆ మనిషి గురించే అది పేరు తప్ప ఏమీ చెప్పదు.

గల్వాన్‌లో వీరమరణం పొందిన కర్నల్ సంతోష్‌బాబుకు సూర్యాపేటలో ఏడాది తిరిగేసరికి కాంస్య విగ్రహం నిలిచింది. నిలవవలసిందే. కానీ పత్రికల మొదటి పేజీకి ఎక్కకుండా వెళ్లిపోయిన సిపాయిలు ఎక్కువ. వాళ్లకు ఊరి రాయి తప్ప మరో చోటు లేదు.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారన్నది ఆ ఊరివాళ్లు చెప్పుకునే లెక్క. అక్కడా అమరవీరుల స్తూపం ఉంది. అయితే దాదాపు ప్రతి ఇంటికీ సైన్యంతో బంధం ఉన్న ఊరు కాబట్టి, స్తూపం మౌనంగా ఉన్నా మనుషులు మాట్లాడతారు. ఒకరో ఇద్దరో మాత్రమే సైన్యంలోకి వెళ్లిన ఊళ్ల సంగతి వేరు. ఆ ఇంటివాళ్లు బతుకుతెరువుకు వలసపోతే చెప్పేవాళ్లే ఉండరు.

ఈ లోపం ఈనాటిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, మనుషులను ఎక్కువగా పంపిన ఊళ్లలో బ్రిటిష్ ప్రభుత్వం చిన్న ఫలకాలు పెట్టించింది. అన్నిటి మీదా ఇంచుమించు ఒకటే వాక్యం: ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. తిరుచ్చి గాంధీ మార్కెట్ దగ్గరి స్మారకం మీద ఆ అంకెలు 302, 41. ఆ 41 మంది ఎవరు? రాయికి తెలియదు. అదే కాలంలో ఇంగ్లండు పల్లెల్లో నిలిపిన రాతి శిలువల మీద చనిపోయిన వారి పేర్లు వరసగా కనిపిస్తాయి. ఇరాక్‌లో 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకం మీదా అంతే. బ్రిటిష్ సైనికులకు పేర్లు దక్కాయి, వేలాది భారతీయ సిపాయిలకు అంకెలు మిగిలాయి. ఈ వివక్ష నిజమేనని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పరాయి పాలకులు మన సిపాయిలను తలల లెక్కన చూశారని మనం బాధపడతాం. సొంత పాలనలో, సొంత ఊళ్లో, జవాను పేరు అతిథుల పేర్ల కింద నలిగిపోతుంటే అంతకన్నా ఎక్కువ బాధపడాలి.

2023లో ‘మేరీ మాటీ మేరా దేశ్’ పేరిట పంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టాలని కేంద్రం సంకల్పించింది. స్థానిక వీరుల పేర్లు చెక్కాలన్నది అందులో మంచి మాట. ఫలకం నాటడం ఒక రోజు పని. పేర్లు సరిచూసి రాయడం, ఏటా వాటిని చదివి వినిపించడం ఎవరో ఒకరు భుజాన వేసుకోవలసిన పని.

అది ఎలా ఉంటుందో పల్నాడులోని కారెంపూడికి వెళ్తే కనిపిస్తుంది. పన్నెండో శతాబ్దంలో అక్కడ పల్నాటి యుద్ధం జరిగింది. అందులో నేలకొరిగిన వారి కోసం ఈనాటికీ కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి. ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు తమ పూర్వీకుల ఆయుధాలను మోసుకొచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ రోజుకొక ఘట్టాన్ని తలుచుకుంటారు. అక్కడి వీరుల గుడిలో రాళ్లు ఉన్నాయి, కానీ జ్ఞాపకం నిలిచింది ఒక్క రాళ్ల వల్ల కాదు. ఫలానా వీరుడు మావాడని చెప్పుకుంటూ ప్రతి ఏడూ మనుషులు వస్తున్నారు. స్మారకాలు కట్టేవాళ్లు ఆ అయిదు రోజుల్లో ఒక్క రోజైనా అక్కడ కూర్చుని చూడాలని నా కోరిక.

ఊరి స్మారకం మీద ముందుగా జవాను పేరు, తండ్రి పేరు, రెజిమెంటు, నేలకొరిగిన చోటు, తేదీ ఉండాలి. ఆవిష్కర్తల పేర్లు తప్పనిసరైతే వెనక వైపు చాలు. యుద్ధం చేసి ప్రాణాలతో తిరిగొచ్చినవారికి కూడా ఒక వరస కేటాయించాలి. బడి పిల్లలు ఏడాదికి ఒకసారైనా ఆ పేర్లన్నీ పైకి చదవాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. వివరాల కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. మాజీ సైనికుల ఇళ్లలో ఇనప్పెట్టెల అడుగున డిశ్చార్జి పుస్తకాలు ఇంకా ఉన్నాయి. 1971 యుద్ధంలో పోరాడినవారు ఇప్పుడు డెబ్బై దాటారు. పక్కన ఎవరు పడిపోయారో, వాళ్లది ఏ ఊరో చెప్పగలిగినవాళ్లు వారే. పంచాయతీలు ఒక నోటు పుస్తకం పట్టుకుని ఈ సంక్రాంతి లోపే వాళ్ల గడపలకు వెళ్లాలి.