తిరుగు దారి ఎవరి చేతిలో ఉంది?

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలై దీపాలు పెట్టే వేళ వరకూ సాగిన వాదన ఇది. మా అక్క పదమూడేళ్లుగా జిల్లాలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ విభాగంలో పాఠాలు చెబుతోంది. ఇథియోపియా దక్షిణ ప్రాంతంలోని అర్బా మించ్ పట్టణంలో ఉన్న విశ్వవిద్యాలయం నుండి రెండేళ్ల కాంట్రాక్టుతో ఆమెకు ఉద్యోగ పత్రం వచ్చింది. మా మేనమామ యెమెన్‌లోని తయిజ్ నగరంలో రసాయన శాస్త్రం బోధిస్తూ, 2015 ఏప్రిల్‌లో యుద్ధం మధ్య నుండి ఇంటికి చేరినవారు. ఆ వాదన జరుగుతున్నప్పుడు బావ కూడా ఇంట్లోనే ఉన్నాడు, కానీ చాలాసేపు పెదవి విప్పలేదు. అక్క, మావయ్యల అనుమతితో, మాటల్లోని యాసను మాత్రం సవరించి, వాదనను ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను.

మావయ్య: నువ్వు వెళ్లడం నాకు ఇష్టం లేదమ్మా. ఆ ఊరు చెడ్డదని నేను అనడం లేదు. నేను 2014 వేసవిలో తయిజ్‌కు బయలుదేరే ముందు అక్కడ పనిచేసి వచ్చిన వాళ్లను వెతికి పట్టుకుని అడిగాను. ఊరు ప్రశాంతంగా ఉంటుందని, పిల్లలు మాస్టారంటే లేచి నిలబడతారని, మేడ ఎక్కితే ఎదురుగా సబిర్ కొండ కనిపిస్తుందని చెప్పారు. వాళ్లు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆ సెప్టెంబరు 21న హూతీ తిరుగుబాటుదారులు రాజధాని సనాను పట్టుకున్నారు. మార్చి 22న మా ఊరి విమానాశ్రయం వాళ్ల చేతిలోకి వెళ్లింది. 26వ తేదీ నుంచి సౌదీ విమానాలు బాంబులు వేయడం మొదలుపెట్టాయి. నా కాంట్రాక్టు రెండేళ్లు. ఆ ఊరి ప్రశాంతత అందులో సగం కాలం కూడా నిలవలేదు. ఈ రోజు అర్బా మించ్ ఎలా ఉందని నువ్వు పదిమందిని అడిగి తెలుసుకున్నది నీ రెండేళ్లకు పూచీ పడుతుందా?

అక్క: పూచీ పడదు మావయ్యా. అయితే మీరు యెమెన్‌ను తెచ్చి ఇథియోపియా మీద పరుస్తున్నారు. టిగ్రాయ్ యుద్ధం 2020 నవంబరులో ఉత్తరాన మొదలై, 2022 నవంబరు 2న ప్రిటోరియాలో కుదిరిన ఒప్పందంతో ఆగింది. 2023 ఆగస్టు నుండి గొడవలు అమ్హారా ప్రాంతంలో ఉన్నాయి, అదీ ఉత్తరమే. టిగ్రాయ్ రాజధాని మెకెలె నుండి అర్బా మించ్‌కు రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. 2023లో మణిపూర్ తగలబడుతోందని గుంటూరులో ఎవరైనా తలుపులు వేసుకున్నారా? దేశం పేరు చూసి ప్రమాదాన్ని కొలిస్తే మన దేశానికి కూడా ఏ మాస్టారూ రాకూడదు. పైగా నీటి ఇంజనీరింగు చదువు కోసమే 1986లో అక్కడ పెట్టిన సంస్థ పెరిగి ఈ విశ్వవిద్యాలయం అయింది. నేను చదివింది అదే. అర్బా మించ్ అంటే నలభై ఊటలు అని అర్థమట. పదమూడేళ్లుగా నేను బల్ల మీద గీసి చూపిస్తున్న విషయాలు అక్కడ ఊరి పక్కనే రెండు చెరువులుగా ఉన్నాయి.

మావయ్య: మణిపూర్ పోలిక నీకు నప్పదు. గుంటూరులో నీకు భాష ఉంది, బంధువులున్నారు, రైలు లేకపోతే బస్సు, బస్సు లేకపోతే మోటారు సైకిలు ఉంది. అర్బా మించ్ నుండి ఇంటికి రావాలంటే ఒకటే గుమ్మం, అడిస్ అబాబా విమానాశ్రయం. 2021 నవంబరులో ఆ ఉత్తరాది యుద్ధమే రాజధాని వైపు దిగివచ్చింది. నవంబరు 2న దేశమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. చాలా దేశాలు తమ పౌరులను వెంటనే బయటికి రమ్మన్నాయి. నీ ఊళ్లో తుపాకి పేలకపోవచ్చు. గుమ్మం మూసుకుపోతే నీ ఊరి ప్రశాంతత నీకెందుకు పనికొస్తుంది?

అక్క: ఆ గుమ్మం మూసుకుపోలేదు. ఆ నెలలో కూడా విమానాలు తిరిగాయి. ఇక ఇక్కడి సంగతి చూడండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడ అజిత్ సింగ్ నగర్ మునిగినప్పుడు మా అత్తగారు నాలుగు రోజులు మేడ మీదే ఉన్నారు. కింద వాటా తలుపు పైకమ్మీ దాకా నీళ్లు. ఆవిడ నీళ్ల ట్యాంకు నీడన కూర్చుని, వాడుకునే నీళ్లను చెంబుతో కొలుచుకుని, బీపీ మాత్రలను సగానికి విరుచుకుని వేసుకున్నారు. ఆ వరదలోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. నీటి లెక్కలు చెప్పే నేను ఇరవై మైళ్ల దూరంలో ఉండి ఆవిడకు ఒక పాల ప్యాకెట్ పంపలేకపోయాను. సింగ్ నగర్‌లో ఇల్లు కొన్నందుకు మా మామగారిని ఎవరూ సాహసి అనలేదు. నేను రోజూ జాతీయ రహదారి మీద స్కూటీతో కళాశాలకు వెళ్తాను. 2022లో మన దేశ రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఆ భయం ఈ ఇంట్లో ఒక్కసారైనా చర్చకు వచ్చిందా?

ఇక్కడ మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఈ మాటలో అక్కదే న్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అలవాటైన ప్రమాదాన్ని మనం లెక్కలోకే తీసుకోము.

మావయ్య: రాలేదు. రావలసింది. అయితే మీ అత్తగారి దగ్గరికి ఐదో రోజున పడవ వచ్చింది, అంతకుముందు ఆకాశం నుండి డ్రోన్లతో పొట్లాలు వచ్చాయి, పక్క మేడ మీది వాళ్లు పేరు పెట్టి పిలిచి పలకరించారు. ప్రమాదం ఎంత పెద్దదన్నది ఒక లెక్క. అది వచ్చిన రోజున నీ చుట్టూ ఎవరున్నారన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క వేయడానికి నీకు లిబియా సంగతి చెప్పాలి. 2015 జులై చివర్లో సిర్త్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మన దేశపు అధ్యాపకులు నలుగురిని దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర పట్టుకుపోయారు. కర్ణాటక వాళ్లిద్దరినీ రెండు మూడు రోజుల్లో వదిలారు. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్లే, ఒకరు ఆంధ్ర, ఒకరు తెలంగాణ. వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబరులో. ఏడాది దాటిపోయింది. ఆ నలుగురూ పట్టుబడినప్పుడు ఎక్కడికి వెళుతున్నారో తెలుసా? ట్రిపోలీ, ట్యునీషియాల మీదుగా ఇండియాకు. ఇంటికి బయలుదేరిన దారిలోనే పట్టుబడ్డారమ్మా. అప్పటికే సిర్త్ ఐసిస్ చేతిలో ఉంది.

అక్క: అంటే వాళ్లు ముందే రావలసింది.

మావయ్య: వాళ్లను నేను ఒక్క మాట అనను. ఎందుకు రాలేకపోతారో నాకు తెలుసు. నా సంగతే చెబుతాను. మాకు రెండు నెలల జీతం బకాయి ఉంది. నా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఒరిజినల్స్ రిజిస్ట్రారు గదిలో, కిటికీ పక్కనున్న ఇనుప బీరువా రెండో అరలో, ఆకుపచ్చ ఫైలులో ఉన్నాయి. చేరిన రోజున పరిశీలించి ఇస్తామని తీసుకున్నారు. ఫిబ్రవరిలో అడిగితే వచ్చే గురువారం రమ్మన్నారు. గురువారం వెళితే తాళంచెవి ఉన్న మనిషి సెలవు. మరో గురువారం వస్తే జీతం కూడా కలిపి ఇస్తామన్నారు. ఆ గురువారాల కోసమే నేను మార్చి నెలంతా ఉన్నాను. ముందు పెట్రోలు బంకుల దగ్గర బారులు వచ్చాయి. తర్వాత కరెంటు రాత్రిపూట పోవడం మొదలైంది. తర్వాత మా వీధి మలుపులో ఇసుక బస్తాలు వేశారు. ఏ రోజూ నిన్నటికంటే ఘోరంగా అనిపించలేదు, అదే మనిషిని ముంచుతుంది. చివరికి ఫైలు వదిలేసి, ఒక చేతిసంచితో బస్సెక్కి హొదైదా రేవుకు చేరి, మన నౌకాదళం ఓడలో సముద్రం అవతల ఉన్న జిబౌటి దేశానికి దాటాను. ఆపరేషన్ రాహత్‌లో ఆ పది పన్నెండు రోజుల్లో నాలుగున్నర వేలకు పైగా మనవాళ్లను తెచ్చారు. ఆ ఓడ మీద జెండా చూసినప్పుడు నేను ఏడ్చాను. కానీ రేవు దాకా రావలసింది మనమే. ఓడ తయిజ్‌కు రాదు.

అక్క: మావయ్యా, నా ఎంటెక్ ఒరిజినల్స్ ఎక్కడున్నాయో మీకు తెలుసా? ఇక్కడికి ఇరవై నిమిషాల దూరంలో, మా కళాశాల ఆఫీసు బీరువాలో. చేరిన రోజున తీసుకున్నారు, పదమూడేళ్లయింది. జీతం నాలుగు నెలలుగా రాలేదు. అడిగితే ఫీజు బకాయిలు వచ్చాక చూద్దామంటారు. మీరు తయిజ్‌లో ఎదురు చూసిన గురువారాల కోసమే నేను గుంటూరులో ఎదురు చూస్తున్నాను. అబ్బాయి వచ్చే ఏడాది పదో తరగతి, ఇంటి అప్పు వాయిదా ప్రతి నెలా ఐదో తారీఖు. ఇక్కడ ఉండిపోవడానికి ఏ ఖర్చూ లేనట్టు అందరూ మాట్లాడుతున్నారు.

మావయ్య (చాలాసేపటికి): ఆ సంగతి నాకు చెప్పలేదే.

అక్క: చెబితే మీరు అప్పిస్తారు. నాకు అప్పు వద్దు, ఉద్యోగం కావాలి. అయినా మీ అనుభవమంతా విన్నాక, వెళ్లకూడదనే మాట మీ నోటి నుండి ఎలా వస్తుందో నాకు అర్థం కావడం లేదు. మిమ్మల్ని పట్టి ఉంచింది బకాయి జీతం, ఒరిజినల్స్. సరే, నేను ఒరిజినల్స్ చూపించి అదే రోజు వెనక్కి తీసుకుంటాను, అది ఒప్పుకుంటేనే సంతకం. తిరుగు టిక్కెట్టు డబ్బు ఇక్కడి బ్యాంకులో విడిగా ఉంచుతాను, జీతం మీద ఆధారపడను. చేరిన వారంలోనే అడిస్ అబాబాలోని మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుంటాను. ఎల్లో ఫీవర్ టీకా బయలుదేరడానికి పది రోజుల ముందే వేయించుకుంటాను, ఆ కార్డు లేకుండా తిరిగి వస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చని తెలుసు. ఆ ఊరు అడిస్ అంత ఎత్తున లేదు కాబట్టి మలేరియా ఉంటుంది, దోమతెర తీసుకెళ్తాను. రాత్రిపూట ఊళ్ల మధ్య రోడ్డు ప్రయాణం చేయను.

మావయ్య: ఇవన్నీ మంచివే. బీమా ఎవరిస్తున్నారు?

అక్క: విశ్వవిద్యాలయం వైద్య సదుపాయం ఉంటుందని రాసింది.

మావయ్య: వైద్య సదుపాయమంటే క్యాంపస్ డిస్పెన్సరీ కూడా కావచ్చు. విను. కడప నుండి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే, పది చదవని అమ్మాయికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశంలో పనికి వెళ్లేందుకు మన ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, పనిచేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు. నీది డిగ్రీ చదువు కాబట్టి నీకు ఆ క్లియరెన్స్ అక్కరలేదు. అదీకాక క్లియరెన్స్ అడిగే 18 దేశాల జాబితాలో ఇథియోపియా లేనే లేదు. చదువుకున్నావు, నీ సంగతి నువ్వు చూసుకోగలవని ప్రభుత్వం అనుకుంటుంది. మేము అదే గర్వంతో వెళ్లాం. నా కాంట్రాక్టును నేను తప్ప ఎవరూ చదవలేదు, అదీ అరబిక్ ప్రతి చెల్లుతుందన్న వాక్యాన్ని వదిలేసి చదివాను.

అక్క: ఇది నాకు తెలియదు. ఇంగ్లీషు ప్రతి కూడా చెల్లుతుందో లేదో రేపే మెయిలులో అడుగుతాను. యుద్ధ పరిస్థితుల్లో కూడా వర్తించే బీమా ఇక్కడే కొంటాను. ఎక్కువైనా కొంటాను.

మావయ్య: ఇంకొక్కటి. బయలుదేరవలసిన రోజు వచ్చిందని అక్కడున్న నువ్వు గుర్తుపట్టలేవు. నేను గుర్తుపట్టలేదు. ఆ నిర్ణయం ఇక్కడున్న వాళ్ల చేతిలో ఉండాలి. నీ భర్త రమ్మంటే రావాలి.

అక్క: అది ఒప్పుకోను. మీరు వెళ్లినప్పుడు అత్తయ్య రమ్మంటే రావాలని మీకెవరైనా షరతు పెట్టారా? టీవీలో ఏదో చూసి ఇక్కడి వాళ్లు భయపడిన ప్రతిసారీ నేను పాఠం మధ్యలో పెట్టె సర్దుకోవాలా? నా ఉద్యోగాన్ని ఈ ఇంటి భయానికి తాకట్టు పెట్టలేను.

అక్క గొంతు అంతగా పెరగడం నేను చాలా ఏళ్లుగా వినలేదు. మావయ్య ఆ మాట ఆడపిల్ల అని అన్నారో, తన మార్చి నెలను తలచుకుని అన్నారో అప్పుడు నాకు తేలలేదు. ఆయన తర్వాతి మాటతో తేలింది.

మావయ్య: అత్తయ్య రమ్మంది. మార్చి మొదటి వారంలో మూడుసార్లు ఫోను చేసింది. నాకు షరతు లేదు కాబట్టి రాలేదు. అందుకే అడుగుతున్నాను. మనుషుల భయం మీద వద్దంటే, గుర్తుల మీద పెట్టుకుందాం. నువ్వే రాయి, నువ్వే సంతకం పెట్టు.

అక్క: అలాగైతే సరే. మన రాయబార కార్యాలయం బయలుదేరమని సలహా ఇస్తే, జీతం బకాయి ఎంతున్నా బయలుదేరతాను. అర్బా మించ్ నుండి అడిస్‌కు విమానం వారం పాటు నడవకపోతే బయలుదేరతాను. జీతం రెండో నెల రాకపోతే మూడో నెల కోసం ఆగను. టిగ్రాయ్‌లో చేసినట్టు ఫోన్లు, ఇంటర్నెట్ కోసేస్తే, నేను మళ్లీ దొరికిన రోజునే బయలుదేరతాను. మూడు రోజులు నా నుండి కబురు లేకపోతే ఇక్కడి నుండి మీరు రాయబార కార్యాలయానికి, తాడేపల్లిలోని ప్రవాసాంధ్రుల సంస్థకు ఫోను చేయండి.

ఆమె ఇవన్నీ అబ్బాయి లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో రాసింది. మావయ్య కళ్లజోడు పెట్టుకుని చదివి, జీతం గురించిన వాక్యం కింద గోటితో గీత గీశారు.

అంతవరకూ మాట్లాడని బావ, "మూడు రోజులు నేను ఆగలేను. రెండు అని రాయి," అన్నాడు.

అక్క మూడును కొట్టివేసి రెండు వేసింది. సోమవారం ఉదయం ఒరిజినల్స్ కోసం కళాశాలకు వెళ్లింది, మావయ్య కూడా వెంట వెళ్లారు.